ఉప్పునీళ్ళ అక్వేరియంలో ఉప్పు కొలిచేకి ఏది కొనాలి, మన ఎండల్లో ఏది నమ్మాలి

గత వారం కడప నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, అన్నా రిఫ్రాక్టోమీటర్‌లో (నీళ్ళల్లో ఉప్పు చూసే మీటర్) ఉప్పు 35 కరెక్ట్‌గా చూపిస్తా ఉంది, అయినా హ్యామర్ కోరల్ (ఒక రకం పగడం) మూడు రోజులుగా తెరుచుకోలేదు, క్లౌన్ ఫిష్ కూడా ఒక మూలన నిలబడిపోయింది, ఏం చేయాల అన్నాడు. నేను అడిగింది రెండే, దాన్ని దేంతో కాలిబ్రేట్ చేసినావు (అంటే లెక్క తెలిసిన నీళ్ళేసి మీటర్‌ని సరిచేయడం), ఎన్ని గంటలప్పుడు చూసినావు అని. ఇంట్లో ఆర్ఓ నీళ్ళతో జీరో పెట్టినా, మధ్యాహ్నం రెండుకి చూసినా అన్నాడు. సంగతి సగం అక్కడే అర్థమైపోయింది, ఎందుకంటే మూడేళ్ళ కింద అనంతపురంలో మా ఇంట్లో ఇదే జరిగింది, ఆ తప్పుకి నా కోరల్స్‌లో సగం పోయినాయి. అందుకే ఉప్పు కొలిచే సామాను ఏది కొనాలి, కొన్నాక అది నిజం చెప్తా ఉందో లేదో ఎట్ల తెలుసుకోవాలి అనేది వివరంగా రాస్తా ఉన్నా, కొంచెం పొడవే అయితాది, ట్యాంక్ పెట్టేవాళ్ళు ఓపిగ్గా చదవండి.

ముందు నా కథ చెప్తా. 3 అడుగుల ట్యాంక్, నీళ్ళు 150 లీటర్లు, నీళ్ళని చల్లబరిచే చిల్లర్ ఉంది కాబట్టి లోపల నీళ్ళు 26 డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఆన్‌లైన్‌లో 1,800 పెట్టి ఒక రిఫ్రాక్టోమీటర్ తెప్పించుకున్నా, దాని మీద ఏటీసీ అని రాసి ఉంది, అంటే టెంపరేచర్ తేడాని అదే సరిచేసుకుంటాది అని, నేను దాన్ని పూర్తిగా నమ్మేసినా. రాత్రి ఏసీ వేసుకుని చల్లని గదిలో ఆర్ఓ నీళ్ళతో జీరో పెట్టినా. మే నెలలో ఒక మధ్యాహ్నం హాల్లో గోడ మీద థర్మామీటర్ 38 చూపిస్తా ఉంటే ట్యాంక్ నీళ్ళు రెండు చుక్కలేసి చూస్తే 31 వచ్చింది. ఉప్పు తగ్గిపోయింది అనుకుని నాలుగు రోజులు కొంచెం కొంచెం కలుపుతా 35కి తెచ్చినా. ముందు జీనియా అనే కోరల్ ముడుచుకుంది, తర్వాత జోవాలు అనే ఇంకో రకం కోరల్స్ మూసుకున్నాయి, నేనేమో సాలినిటీ, అంటే ఉప్పు లెక్క, బాగుంది కదా అని అల్కలినిటీ, నైట్రేట్, లైట్ అన్నీ వెతుకుతా కూర్చున్నా. ఆఖరికి ఒక సీసాలో నీళ్ళు పట్టుకుని బెంగళూరు పోయి, మెరైన్ చేపలు అమ్మే అంగడిలో కండక్టివిటీ మీటర్‌తో చూపిస్తే 39. బస్సులో తిరిగి వస్తా ఉన్నంతసేపూ నా చేతులతో నేనే ఉప్పు పోసినానే అని బాధ.

ఇంగ విషయంలోకి వస్తే, సముద్రం నీళ్ళు ఒక కిలో తీసుకుంటే అందులో ఉప్పులన్నీ కలిపి సుమారు 35 గ్రాములు ఉంటాయి, దాన్నే 35 పిపిటి అంటారు. కోరల్స్ పెట్టేవాళ్ళందరూ పట్టుకోవాల్సిన నంబర్ ఇదే. ఇదే నీళ్ళని 25 డిగ్రీల దగ్గర తూస్తే మంచినీళ్ళ కంటే 1.0264 రెట్లు బరువు, ఇది స్పెసిఫిక్ గ్రావిటీ. అదే నీళ్ళలో కరెంట్ ఎంత బాగా పారుతాదో చూస్తే 25 డిగ్రీల దగ్గర సెంటీమీటర్‌కి 53 మిల్లీసీమెన్స్, ఇది కండక్టివిటీ. ఇంకోటి, వెలుతురు ఆ నీళ్ళలోకి పోతే ఎంత వంగుతాది అనేది. మనకి దొరికే సామానులన్నీ ఈ మూడిట్లో ఏదో ఒకటి కొలుస్తాయి, ఉప్పుని నేరుగా కొలిచేది ఏదీ లేదు. బరువు చూసేది హైడ్రోమీటర్, వెలుతురు చూసేది రిఫ్రాక్టోమీటర్, కరెంట్ చూసేది కండక్టివిటీ మీటర్. టెంపరేచర్ మారితే ఈ మూడూ మారుతాయి, ఉప్పు మారకపోయినా సరే. మన తిప్పలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

చాలామంది 1.025 అన్నా 35 అన్నా ఒకటే అనుకుంటారు, కాదు, 25 డిగ్రీల దగ్గర 1.025 అంటే సుమారు 33 పిపిటి. స్పెసిఫిక్ గ్రావిటీలో 0.001 తేడా అంటే ఉప్పులో ఒకటింపావు పిపిటి దాకా తేడా. కాబట్టి మీతో ఎవరైనా నంబర్ చెప్తే అది ఏ కొలతలో చెప్తా ఉన్నారో అడగండి.

ఉప్పు కలిపేదెందుకు, సముద్రం నీళ్ళే తెచ్చుకుంటే కొలిచే పనే లేదు కదా అని కొందరు నెల్లూరు పక్క బీచ్‌ల నుంచి క్యాన్లలో తెస్తా ఉంటారు. మన జిల్లాల్లో పారే పెన్నే పోయి అక్కడ సముద్రంలో కలిసేది, వరద వచ్చినప్పుడు ఆ చుట్టుపక్కల నీళ్ళల్లో ఉప్పు తగ్గిపోతాది, బంగాళాఖాతం పైనీళ్ళే అరేబియా సముద్రం కంటే తక్కువ ఉప్పు, ఇన్ని నదులు వచ్చి కలుస్తాయి కాబట్టి. తెచ్చుకున్నా కొలవాల్సిందే.

సరే, ఒక్కొక్కటీ చూద్దాం. అన్నిటికంటే చవకది ప్లాస్టిక్ డబ్బాలో ముల్లు పైకి కిందికి ఆడే స్వింగ్ ఆర్మ్ హైడ్రోమీటర్. నీళ్ళు నింపితే ముల్లు తేలి ఒక నంబర్ దగ్గర ఆగుతాది. దీంతో వచ్చే తంటా ఏమంటే ముల్లుకి చిన్న గాలి బుడగ అంటుకున్నా అది ముల్లుని పైకి లేపి ఎక్కువ చూపిస్తాది, కొన్నాళ్ళకి ముల్లు మీద ఉప్పు పొర, సున్నం పొర కడితే బరువెక్కి తక్కువ చూపిస్తాది. ఒకే డబ్బాతో రెండు పక్కలా తప్పు రావొచ్చు. కొత్తది తెస్తే ఒక రోజంతా ఉప్పునీళ్ళు నింపి పెట్టి ఆ తర్వాత వాడాలి, వాడేటప్పుడు మెల్లగా నింపి, సమంగా ఉండే చోట పెట్టి, వేలితో తట్టి బుడగలు పోగొట్టి చూడాలి, అయిపోయినాక మంచినీళ్ళతో కడగాలి. చేపలు మాత్రమే ఉండే ట్యాంక్‌కి, ఒక నమ్మకమైన మీటర్‌తో పక్కపక్కన పెట్టి తేడా ఎంతో డబ్బా మీద మార్కర్‌తో రాసుకుంటే పని జరుగుతాది. కోరల్స్ ఉంటే దీన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు.

రెండోది గాజు హైడ్రోమీటర్, నీళ్ళల్లో నిలువుగా తేలేది. పాలకేంద్రంలో లాక్టోమీటర్ చూసింటారు కదా, అదే సూత్రం, దాంట్లో 28 అంటే 1.028 అని. అది ఇంట్లో ఉంది కదా అని ట్యాంక్‌లో వేయొద్దు, పాలకి గీసిన గీతలవి, మనకి కావాల్సినంత సన్నంగా ఉండవు. ఇన్వర్టర్ బ్యాటరీ యాసిడ్ చూసే హైడ్రోమీటర్ అయితే అసలే పనికిరాదు, దాని స్కేల్ మొదలయ్యేదే 1.100 దగ్గర, మన నీళ్ళు 1.026. అక్వేరియంకనే చేసిన మంచి గాజు హైడ్రోమీటర్, ఉదాహరణకి ట్రాపిక్ మారిన్ వాళ్ళది 25 డిగ్రీలకి కాలిబ్రేట్ చేసి వస్తాది, ఇది నిజంగా నమ్మదగ్గ సామాను, అరిగిపోయేది లేదు, బ్యాటరీ లేదు, స్క్రూ లేదు. పగలగొట్టుకోకుండా చూసుకుంటే ఏళ్ళు వస్తాది. కానీ కొనేటప్పుడు దాని మీద ఏ టెంపరేచర్ రాసుందో చూడండి, ల్యాబ్ సామాను అమ్మే అంగళ్ళలో దొరికేవి చాలావరకు 15 లేదా 15.6 డిగ్రీలకి చేసినవి, దాన్ని నేరుగా వాడితే తప్పు వస్తాది, పట్టిక చూసి సరిచేసుకోవాలి. 25 డిగ్రీలకి చేసిన దాన్నే 30 డిగ్రీల నీళ్ళల్లో వేస్తే 0.0015 దాకా తక్కువ చూపిస్తాది, అంటే 2 పిపిటి. చిల్లర్ లేని ట్యాంక్ మన పక్క ఏప్రిల్‌లోనే 30 దాటుతాది, అందుకని పొడుగు గ్లాసులో నీళ్ళు తీసి 25కి చల్లబరిచి చూడండి. చూసేటప్పుడు నీళ్ళు గాజు అంచున కొంచెం పైకి పాకుతాయి, ఆ పాకిన చోట కాదు, నీళ్ళ మట్టం ఉన్న గీత చదవాలి. కన్ను నీళ్ళ మట్టానికే దించండి.

మూడోది రిఫ్రాక్టోమీటర్, మనలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఇదే, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తా. గాజు మీద రెండు మూడు చుక్కలేసి మూత వేసి వెలుతురు వైపు తిప్పి కంటి దగ్గర పెట్టుకుంటే నీలం, తెలుపు కలిసే గీత కనిపిస్తాది, అది ఎక్కడ ఉంటే అది లెక్క. ఆన్‌లైన్‌లో రిఫ్రాక్టోమీటర్ అని వెతికితే రకరకాలవి వస్తాయి. మన అనంతపురం పక్క చీనీ తోటలోళ్ళు, దానిమ్మ, ద్రాక్ష వాళ్ళు కాయలో తీపి చూసేకి వాడేది బ్రిక్స్ రిఫ్రాక్టోమీటర్, అది చక్కెరకి. తేనెకి ఒకటి, బ్యాటరీ యాసిడ్‌కి ఒకటి, ఊరగాయ ఉప్పునీళ్ళకి 0 నుంచి 28 శాతం దాకా చూపించేది ఒకటి. బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి, నల్ల పిడి, నీలం మూత. నాకు ఒకసారి ఒక సెల్లర్ బ్రిక్స్‌దే పంపించి ఇదే సార్ సాలినిటీది అని వాదించినాడు. కాబట్టి స్కేల్ ఫోటో చూడకుండా కొనొద్దు. ఒక పక్క 0 నుంచి 100 పిపిటి, ఇంకో పక్క 1.000 నుంచి 1.070 ఉంటే అది మనకి పనికొచ్చేది.

అక్కడితో అయిపోలేదు. ఆ స్కేల్ ఉన్న వాటిల్లో కూడా చాలావరకు నిజానికి వంటుప్పు నీళ్ళకి, అంటే ఒట్టి సోడియం క్లోరైడ్ కి గీసినవి. సముద్రం నీళ్ళల్లో మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేట్ అన్నీ ఉంటాయి కాబట్టి వెలుతురు కొంచెం వేరేగా వంగుతాది. వంటుప్పు స్కేల్ మీద సరైన 35 పిపిటి సముద్రం నీళ్ళు వేస్తే 36.5 చూపిస్తాది. ఇది కనుక్కునేకి ఒక సులువు ఉంది, స్కేల్‌లో 35 ఎదురుగా రెండో పక్క ఏముందో చూడండి, 1.025 ఉంటే వంటుప్పుది, 1.026కి 1.027కి నడుమ ఉంటే సముద్రం నీళ్ళకి గీసింది. కుదిరితే రెండోదే కొనండి, ఇంతకుముందే మొదటిది కొనేసింటే పారేయక్కర్లేదు, కాలిబ్రేషన్‌తో సరిచేసుకోవచ్చు.

కాలిబ్రేషన్ అంటే అందరూ చేసేది ఆర్ఓ నీళ్ళేసి స్క్రూ తిప్పి జీరో దగ్గర పెట్టేది. ఇది చాలదు. మనకి కావాల్సింది 35 దగ్గర నిజం, జీరో దగ్గర కాదు. అంగట్లో త్రాసు ఖాళీగా ఉన్నప్పుడు జీరో చూపిస్తా ఉంది కదా అని ఐదు కిలోల తూకం నమ్ముతామా, ఐదు కిలోల రాయి పెట్టి చూస్తాం కదా, ఇదీ అంతే. 35 పిపిటి కాలిబ్రేషన్ ఫ్లూయిడ్ అని చిన్న సీసాల్లో దొరుకుతాది, అది వేసి గీత 35 మీదికి వచ్చేట్టు స్క్రూ తిప్పండి. ఆ తర్వాత ఆర్ఓ నీళ్ళేస్తే జీరో ఒకటి రెండు గీతలు పక్కకి పోయిందని కంగారు పడొద్దు, మీరు కొలిచేది 35 చుట్టుపక్కలే. రిఫ్రాక్టోమీటర్ కొనేటప్పుడే ఈ సీసా కూడా కొనండి, దానికి డబ్బులు లేవంటే ఇంకొన్నాళ్ళు ఆగండి, సీసా లేని రిఫ్రాక్టోమీటర్ చేతిలో ఉన్నా నా ట్యాంక్‌కి జరిగిందే జరుగుతాది. సీసా మూత గట్టిగా వేయండి, మన పొడిగాలికి మూత వదులైతే లోపలి నీళ్ళు ఆవిరై 35 కాస్తా 36, 37 అయిపోతాది, దాన్ని చూసి సరిచేస్తే అంతా తప్పే. తెరిచిన తేదీ సీసా మీద రాయండి, ఎండ తగలని బీరువాలో పెట్టండి.

సీసా దొరక్కపోతే, లేదా సీసా మీదే అనుమానం వస్తే ఇంట్లో చేసుకోవచ్చు. 36.5 గ్రాముల ఉప్పు, 963.5 గ్రాముల డిస్టిల్డ్ వాటర్. నీళ్ళు కూడా తూకమే, లీటర్ల లెక్క కాదు. వెలుతురు లెక్కలో ఇది 35 పిపిటి సముద్రం నీళ్ళతో సమానం. వంటింటి త్రాసు ఒక గ్రాము తేడాతో చూపిస్తాది, అది చాలదు. మా బావది ప్రొద్దుటూరులో బంగారం అంగడి, ఆ త్రాసు 0.01 గ్రాము దాకా చెప్తాది, నేను ఉప్పు అక్కడే తూపించుకుని పొట్లం కట్టించుకుని వచ్చినా, మీకూ తెలిసిన బంగారం అంగడి ఒకటి ఉంటాది, ఐదు నిమిషాల పని. ఉప్పు ల్యాబ్ గ్రేడ్ సోడియం క్లోరైడ్ అయితే మంచిది, లేదంటే సన్న ఉప్పుని బాణలిలో తడి పోయేదాకా వేడి చేసి, చల్లారినాక వెంటనే తూయండి, తడి ఉంటే తూకంలో నీళ్ళు కూడా కలిసిపోతాయి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ అంగళ్ళలో దొరుకుతాది, అన్నీ మంచివి కావు, టీడీఎస్ పెన్ (నీళ్ళల్లో కరిగినవి ఎంత ఉన్నాయో చూసే చిన్న మీటర్) పెట్టి సున్నా దగ్గర ఉంటేనే తీసుకోండి. ఇంకో ముఖ్యమైన మాట, ఈ 36.5 లెక్క రిఫ్రాక్టోమీటర్‌కి మాత్రమే. హైడ్రోమీటర్‌కి అయితే 37.1 గ్రాముల ఉప్పు, 962.9 గ్రాముల నీళ్ళు. కండక్టివిటీ మీటర్‌కి 32.9 గ్రాముల ఉప్పు, 967.1 గ్రాముల నీళ్ళు. మూడూ వేరే వేరే ఎందుకంటే వంటుప్పు నీళ్ళు బరువులో ఒక రకంగా, వెలుతురులో ఒక రకంగా, కరెంట్‌లో ఇంకో రకంగా సముద్రం నీళ్ళకి తేడా ఉంటాయి. మూడు సీసాలు కలిపిపెట్టుకుంటే పేర్లు రాసి పెట్టుకోండి, ఒకటి బదులు ఇంకోటి వాడితే కాలిబ్రేషనే తప్పయిపోతాది.

ఇప్పుడు ఎండ సంగతి. ఏటీసీ అంటే రిఫ్రాక్టోమీటర్ లోపల రెండు లోహాల చిన్న పట్టీ ఒకటి ఉంటాది, వేడికి అది వంగి స్కేల్‌ని జరుపుతాది, అదే టెంపరేచర్ సరిచేసేది. కానీ అది పని చేసేది సాధారణంగా 10 నుంచి 30 డిగ్రీల మధ్యనే, డబ్బా లోపల కాగితంలో చిన్న అక్షరాలతో రాసుంటాది, ఎవరూ చదవరు, నేనూ చదవలేదు. చల్లని దేశాల్లో ఇంట్లో 30 దాటదు కాబట్టి వాళ్ళు రాసే వీడియోల్లో, సలహాల్లో ఇది పెద్ద విషయంగా రాదు. మన కర్నూలు, అనంతపురం, కడపలో మార్చి నుంచి జూన్ దాకా పగలు ఇంట్లో 35, 38 మామూలు, బయట 40 పైనే. నీళ్ళు వేడెక్కేకొద్దీ వెలుతురుని తక్కువ వంచుతాయి, అందువల్ల ఉప్పు తక్కువ ఉన్నట్టు కనిపిస్తాది, సరిచేసేది లేకపోతే 30 నుంచి 40కి పోతే 7 పిపిటి దాకా తక్కువ చూపించొచ్చు. అదీ నా 31 కథ. ట్యాంక్ నీళ్ళు 26 డిగ్రీలే కదా అని అడగొచ్చు, రెండు చుక్కల నీళ్ళు అంత పెద్ద గాజు మీద పడితే అర నిమిషంలో గాజు టెంపరేచర్‌కి వచ్చేస్తాయి, లెక్కలోకి వచ్చేది మీటర్ వేడి, ట్యాంక్ వేడి కాదు.

కాబట్టి ఎండాకాలంలో పొద్దున్నే ఆరు గంటల లోపల చూడండి, లేదా ఏసీ గదిలో మీటర్, ఫ్లూయిడ్ సీసా, ట్యాంక్ నీళ్ళ గ్లాసు మూడూ అర గంట పెట్టి, గది 30 లోపల ఉన్నప్పుడు చూడండి. ముందు ఫ్లూయిడ్ వేసి 35 సరిచూసుకుని, తుడిచి, వెంటనే ట్యాంక్ నీళ్ళు వేసి చూడండి. రెండూ ఒకే వేడిలో ఒకే చోట చూస్తే మీటర్‌లో మిగిలిన తేడా రెండింటికీ ఒకటే ఉంటాది, అది కొట్టుకుపోతాది. నా ఇంట్లో ఇది మొదలుపెట్టినప్పటి నుంచి రీడింగ్ వారానికి వారం అర పిపిటి కంటే ఎక్కువ ఆడలేదు. చుక్క వేసినాక మూత వెంటనే వేయండి, మన గాలికి చుక్క అంచులు ఆరిపోయి ఉప్పు చిక్కబడి ఎక్కువ చూపిస్తాది, మూత కింద బుడగలు లేకుండా నీళ్ళు మొత్తం పరుచుకోవాలి, అర నిమిషం ఆగి అప్పుడు చూడాలి. కిటికీ వెలుతురులో చూడండి, ట్యాంక్ నీలం లైట్ కింద గీత మసకబారుతాది. పని అయినాక ఆర్ఓ నీళ్ళతో తడిపిన మెత్తని గుడ్డతో తుడవండి, కొళాయి కింద పెట్టి కడగొద్దు, లోపలికి నీళ్ళు పోతే మీటర్ చెడిపోతాది.

డిజిటల్ వాటి మీద చాలామందికి మోజు. నంబర్ స్క్రీన్ మీద వస్తే అది నిజమే అనిపిస్తాది. డిజిటల్ రిఫ్రాక్టోమీటర్లు ఉన్నాయి, హన్నా హెచ్ఐ 96822, మిల్వాకీ ఎంఏ 887 లాంటివి, సముద్రం నీళ్ళకే చేసినవి, వాడేకి సులువు, కంటి చూపు తక్కువున్నోళ్ళకి మేలు. కానీ కంపెనీ వాళ్ళే చెప్పే తేడా ప్లస్ ఆర్ మైనస్ 2, అంటే స్క్రీన్ మీద 35 ఉంటే నిజం 33 కావొచ్చు, 37 కావొచ్చు. పైగా వీటిల్లో కాలిబ్రేషన్ మంచినీళ్ళతో జీరో పెట్టేదే. అంత డబ్బు పెట్టినా 35 ఫ్లూయిడ్‌తో సరిచూసుకుని తేడా ఎంతో రాసుకోవాల్సిందే.

కండక్టివిటీ పెన్నులు దీనికంటే నాకు నచ్చుతాయి. సముద్ర శాస్త్రం వాళ్ళు 1978లో పెట్టుకున్న ప్రాక్టికల్ సాలినిటీ స్కేల్ కూడా కండక్టివిటీ మీద కట్టిందే. హన్నా హెచ్ఐ 98319 అనే పెన్ 0 నుంచి 70 పిపిటి దాకా చూస్తాది, 40 లోపల తేడా ప్లస్ ఆర్ మైనస్ 1 అంటారు, 35 పిపిటి సాషేతో, అంటే ఫ్లూయిడ్ ఉండే చిన్న ప్యాకెట్‌తో, కాలిబ్రేట్ చేస్తాం, టెంపరేచర్ అది నీళ్ళల్లోనే కొలిచి సరిచేసుకుంటాది. మన ఎండలకి ఇది పెద్ద లాభం, ఎందుకంటే మొన నేరుగా ట్యాంక్ నీళ్ళల్లో ఉంటాది, 26 డిగ్రీలు ఉంటే 26 అనే చూస్తాది, గది 38 ఉన్నా సంబంధం లేదు. ఇబ్బంది ఏమంటే ధర, ఇంకోటి మొనలో బుడగ ఇరుక్కుంటే తక్కువ చూపిస్తాది, కాబట్టి ముంచి కొంచెం ఆడించాలి, మొన మీద పాచి, సున్నం కడితే లెక్క జారిపోతా పోతాది, నెలకోసారి సాషేతో చూసుకోవాలి, వాడినాక ఆర్ఓ నీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. తెరిచిన సాషే మళ్ళీ వాడొద్దు. తక్కువ ధరకి దొరికే పేరు లేని పెన్నుల్లో కొన్ని కాలిబ్రేషన్ చేసేకి వీలే ఉండదు, అవి కొనొద్దు. ఇంట్లో తాగేనీళ్ళు చూసే టీడీఎస్ పెన్ అస్సలు కుదరదు, అది మామూలుగా 9,999 పిపిఎం దగ్గర ఆగిపోతాది, మన 35 పిపిటి నీళ్ళు అంటే 35,000 పిపిఎం. ఉప్పు కలపకముందు ఆర్ఓ నీళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయో చూసేకి అది పనికొస్తాది, మన బోరు నీళ్ళ సంగతి తెలిసిందే కాబట్టి ఒకటి ఇంట్లో ఉండాలి.

ఎవరు ఏది కొనాలి అని అడిగితే నేను చెప్పేది ఇదీ. చేపలే ఉండి డబ్బులు తక్కువ ఉంటే 25 డిగ్రీల గాజు హైడ్రోమీటర్. కోరల్స్ ఉంటే సముద్రం నీళ్ళ స్కేల్ ఉన్న మామూలు రిఫ్రాక్టోమీటర్, దాంతో పాటు 35 ఫ్లూయిడ్. ఏసీ లేదు, పొద్దున్నే చూసేకి కుదరదు అనేవాళ్ళు కొంచెం ఆగైనా కండక్టివిటీ పెన్ తీసుకోండి. పెద్ద ట్యాంక్ ఉండి లోపల వేలకి వేలు ఖరీదు చేసే కోరల్స్ ఉన్నవాళ్ళు రెండు వేరే వేరే రకాలు పెట్టుకోండి, ఒకటి వెలుతురుది, ఒకటి కరెంట్‌ది లేదా బరువుది. ఒకే రకం రెండు కొంటే రెండూ ఒకే తప్పు చెప్పొచ్చు, వేరే రకాలు రెండూ ఒకే నంబర్ చెప్పినాయంటే అప్పుడు నమ్మొచ్చు.

ఎప్పుడు కొలవాలి అనేది కూడా చెప్పాలి. మన పక్క ఎండాకాలంలో నా 150 లీటర్ల ట్యాంక్‌లో రోజుకి 4, 5 లీటర్లు ఆవిరైపోతాయి. నీళ్ళు పోతాయి కానీ ఉప్పు పోదు, 5 లీటర్లు తగ్గితే 35 కాస్తా 36.2, రెండు రోజులు పెళ్ళికో ఊరికో పోయి చూసుకోకపోతే 10 లీటర్లు తగ్గి 37.5. కాబట్టి తగ్గిన నీళ్ళని ఉప్పు లేని ఆర్ఓ నీళ్ళతో మట్టం దాకా నింపి, అవి బాగా కలిసినాక కొలవండి, నింపకముందు కొలిస్తే ఎక్కువే వస్తాది, అది చూసి తప్పు నిర్ణయం తీసుకుంటారు. కొత్తగా ఉప్పు కలిపిన బకెట్‌లో పంప్ వేసి రాత్రంతా తిరగనిచ్చి పొద్దున కొలవండి, కలిపిన వెంటనే కొలిస్తే అడుగున కరగని ఉప్పు లెక్కలోకి రాదు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, టైం, గది వేడి, రీడింగ్ రాసుకోండి, గది వేడి రాసుకోవడం నేను తర్వాత మొదలుపెట్టినా, ముందే రాసింటే మే నెలలో రీడింగ్ ఎందుకు పడిపోయిందో ఒక్క చూపులో తెలిసేది.

రీడింగ్ ఒక్కసారిగా మారిందంటే ట్యాంక్ మీద చెయ్యి పెట్టొద్దు, ముందు మీటర్ మీద పెట్టండి. ఫ్లూయిడ్‌తో మళ్ళీ సరిచూసి, రెండుసార్లు కొలిచి, అప్పటికీ అదే వస్తే అప్పుడు సరిచేయడం మొదలుపెట్టండి, అదీ రోజుకి 1 పిపిటి మించకుండా. నాది 39 నుంచి 35కి ఎట్ల దించినానంటే రోజుకి 4 లీటర్ల ట్యాంక్ నీళ్ళు తీసేసి 4 లీటర్ల ఆర్ఓ నీళ్ళు మెల్లగా పోసినా, 150 లీటర్లకి అది రోజుకి సుమారు ఒక పిపిటి తగ్గిస్తాది, నాలుగు రోజుల్లో 35కి వచ్చింది. మిగిలిన జోవాలు ఆరో రోజు తెరుచుకున్నాయి.

కడప తమ్ముడికి నేను చెప్పింది, ఈ రోజు ఏమీ కలపొద్దు, ఏమీ తీయొద్దు, రేపు పొద్దున ఆరుకి లేచి చూడు, ట్యాంక్ నీళ్ళు ఒక చిన్న సీసాలో గాలి లేకుండా మూత దాకా నింపి, టేప్ చుట్టి, అనంతపురం బస్సు ఎక్కించు, నా పెన్‌తో చూసి చెప్తా అని. సీసా ఖాళీగా ఉండి లోపల గాలి ఉంటే దారిలో ఎండకి నీళ్ళు ఆవిరై మూతకి అంటుకుంటాయి, అట్లా వస్తే తెరవకముందు బాగా కుదిపి అప్పుడు కొలవాలి.